ఎండ్ గ్రెయిన్ చాపింగ్ బోర్డును ప్లానర్‌లో పెట్టకండి, ఇంట్లోనే ఇలా మట్టం చేయండి

మీరు అడిగింది ఇదీ: తలుపులు చేయించగా మిగిలిన టేకు, రోజ్‌వుడ్ ముక్కలతో 400 × 300 మిల్లీమీటర్ల ఎండ్ గ్రెయిన్ (చెక్క పోగులు పైకి నిలబడి ఉండే) చాపింగ్ బోర్డు అతికించారు. మందం 40 మిల్లీమీటర్లు. జిగురు ఆరాక చూసుకుంటే ముక్కకీ ముక్కకీ ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఎగుడుదిగుడు ఉంది. విశాఖ మధురవాడలో తెలిసినవాళ్ల షెడ్డులో థిక్‌నెస్ ప్లానర్ (పలకను బ్లేడ్లతో ఒకే మందానికి చెక్కే మెషీన్) ఉంది, అందులో ఒకసారి పోనిస్తే సాఫీ అయిపోదా అంటున్నారు. ఇంట్లో మీ దగ్గరున్నవి ట్రిమ్ రౌటర్ (బిట్ అనే చిన్న కోత పనిముట్టును తిప్పుతూ చెక్కను కోసే చేతి మెషీన్), ఆర్బిటల్ శాండర్ (ఉప్పుకాగితం తిప్పి అరగదీసేది), నాలుగంగుళాల గ్రైండర్.

ప్లానర్‌లో పోనివ్వకండి. షెడ్డాయన "ఏం కాదండీ, నేను చూసుకుంటాను" అన్నా వద్దనే చెప్పండి.

మామూలు పలకలో చెక్క పోగులు పడుకుని ఉంటాయి. ప్లానర్ బ్లేడు వాటి వెంబడే పల్చటి పొర లేపుకుంటూ పోతుంది. ఎండ్ గ్రెయిన్‌లో అవే పోగులు నిలబడి ఉంటాయి, బ్లేడు వాటిని పక్కనుంచి కొడుతుంది. నిలబెట్టిన కొండచీపురు కొసల్ని కత్తితో అడ్డంగా నరికితే ఎలా ఉంటుందో అలా. బోర్డు మధ్యలో ఉన్న పోగులకు వెనక ఇంకా పోగులున్నాయి కాబట్టి ఆ ఆసరాతో తెగుతాయి. బయటికొచ్చే అంచులో చివరి వరసకు వెనక గాలి తప్ప ఏమీ లేదు. అది తెగదు, విరుగుతుంది. అదృష్టం బాగుంటే అంచున నాలుగు పేళ్లు లేచి అంతటితో పోతుంది. బాగోకపోతే బ్లేడు ఒక ముక్కను పట్టి లాగుతుంది, బోర్డు ఏదో ఒక జిగురు గీత దగ్గర రెండవుతుంది, ఆ ముక్క మెషీన్ ముందు నిలబడ్డ మనిషి మీదికి వస్తుంది. 40 మిల్లీమీటర్ల మందం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. పలకను అడ్డంగా వంచితే తట్టుకునేది పొడుగు పోగుల బలంతో. మీ బోర్డులో అడ్డంగా నడిచే పోగు ఒక్కటీ లేదు.

యూట్యూబ్‌లో చేస్తున్నారు కదా అంటారు. నిజమే, చేస్తున్నారు. చుట్టూ అదనపు బద్దలు అతికించి, అంచులు ఏటవాలుగా తీసి, చిన్న చిన్న పళ్ల స్పైరల్ కట్టర్ ఉన్న ఖరీదైన మెషీన్‌లో, పావు మిల్లీమీటరు చొప్పున తీస్తున్నారు. చాలాసార్లు బాగానే వస్తుంది. రానిసారి వీడియో పెట్టరు.

మీ గ్రైండర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పళ్లున్న రంపపు చక్రం బిగించి పైపైన గీస్తే తొందరగా అవుతుందని ఎవరో ఒకరు మీకు సలహా ఇస్తారు. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లకు పైనే తిరుగుతుంది. దాని గార్డు ఆ చక్రం కోసం చేసింది కాదు, చక్రం చెక్కలో పట్టుకుంటే మెషీన్ మొత్తం చేతిలోంచి ఎగురుతుంది. ఆ ఆలోచనే వద్దు. ఇంటికి వచ్చే వడ్రంగి దగ్గరుండే చేతి కరెంటు ప్లానర్ అంత ప్రమాదం కాదు గానీ, అదీ అంచుల్ని చీల్చేస్తుంది, మధ్యలో మెట్లు వేస్తుంది.

మరి దారేమిటంటే, మీ దగ్గరున్న ట్రిమ్ రౌటర్‌కే ఒక బండి కట్టడం. దీన్నే రౌటర్ స్లెడ్ అంటారు. బోర్డు కదలకుండా కింద ఉంటుంది, రెండు పక్కలా పట్టాలు, వాటి మీద అటూ ఇటూ జరిగే ప్లైవుడ్ బండి, బండి మీద రౌటర్. బిట్ అర మిల్లీమీటరు చొప్పున పైపొర తీసుకుంటూ పోతుంది. ప్లానర్‌లో ఒక్కో దెబ్బా బోర్డు వెడల్పంతా పడుతుంది. ఇక్కడ రెండు పళ్లున్న చిన్న బిట్ కొద్ది కొద్దిగా కొరుకుతుంది. పైగా బోర్డు కదలదు, కదిలేది మీ చేతిలోని మెషీనే. అందుకే ఇది ఇంట్లో చేయదగ్గ పని.

కింద పీఠానికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, బోర్డు కంటే నాలుగు వైపులా జానెడు ఎక్కువ ఉండాలి. పట్టాల ఎత్తు దగ్గర చాలామంది తొందరపడతారు. బోర్డులో అన్నిటికంటే ఎత్తైన ముక్క కంటే పట్టాలు మూడు, నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తుండాలి. ఎక్కువ ఎత్తు పెడితే బిట్‌ను అంత బయటికి లాగాల్సి వస్తుంది. ట్రిమ్ రౌటర్‌కి పట్టేది 6 మిల్లీమీటర్లో పావు అంగుళమో కాడ ఉన్న బిట్. అంత సన్న కాడ ఎంత బయటికి వేలాడితే అంత వణుకుతుంది. బండి అడుగు పలకకు 9 మిల్లీమీటర్ల ప్లై వాడి, దాని రెండు అంచులకూ అల్యూమినియం యాంగిల్ బిగించండి. యాంగిల్ లేకపోతే రౌటర్ బరువుకి పలక మధ్యలో కిందికి వంగుతుంది, బోర్డు మధ్యలో గుంట పడుతుంది, తర్వాత శాండర్‌తో ఎంత రుద్దినా ఆ గుంట పోదు.

పట్టాలు రెండూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో రసమట్టం ఒక్కటే చెప్పలేదు. మేస్త్రీలు వాడే నూలుదారం తీసుకోండి. ఒక పట్టా ఈ కొస నుంచి రెండో పట్టా ఆ కొసకి ఒక దారం, మిగిలిన రెండు కొసల మధ్య ఇంకో దారం బిగించి లాగండి. మధ్యలో దాటేచోట రెండు దారాలూ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. పై దారం కింది దారాన్ని నొక్కుతున్నా, రెండింటి మధ్య సందు కనబడుతున్నా పట్టాలు మెలితిరిగి ఉన్నట్టే. తక్కువగా ఉన్న కొస కింద విజిటింగ్ కార్డు ముక్క దోపి మళ్లీ చూడండి. ఇక్కడ పది నిమిషాలు పెడితే తర్వాత చాలా అరగదీత తప్పుతుంది.

ఇప్పుడు బోర్డును పట్టి ఉంచడం. ఈ పనిలో భద్రత అంటే నా లెక్కలో ముప్పాతిక భాగం ఇదే. ముందు గడ్డకట్టిన జిగురంతా ఉలితో గీకేయండి. తర్వాత బోర్డును పీఠం మీద పెట్టి నాలుగు మూలలూ వేలితో నొక్కి చూడండి. ఏ మూల ఊగితే ఆ మూల కింద కాగితం మడతలు పెట్టాలి. ఊగే బోర్డును క్లాంప్‌తో బలవంతంగా అణచి మట్టం చేస్తే, క్లాంప్ తీయగానే మళ్లీ పాత వంకరకే పోతుంది. తర్వాత బోర్డు చుట్టూ నాలుగు వైపులా పనికిరాని చెక్క బద్దలు గట్టిగా ఆనించండి. వాటి ఎత్తు బోర్డుతో సమానంగా ఉండాలి. ఒక పక్క బద్దకీ బోర్డుకీ మధ్య రెండు చీలికలు (ఏటవాలుగా కోసిన చెక్క ముక్కలు) ఎదురెదురుగా దూర్చి సుత్తితో మెల్లగా తడితే అంతా బిగుస్తుంది. ఆ పక్క చీలికల తలలు కూడా బోర్డు ఎత్తుకే రావాలి, మధ్యలో ఖాళీ వదిలితే అక్కడి అంచుకు ఆసరా ఉండదు. ఈ బద్దలది రెండు రకాల పని. బోర్డును కదలనివ్వవు, అంచు పోగులకు వెనక ఆసరాగా ఉంటాయి. బిట్ బోర్డు దాటి బద్దలోకి వెళ్తే చిట్లేది బద్దే, బోర్డు అంచు కాదు. అయితే ఆ బద్దల్ని పైనుంచి స్క్రూలు కొట్టి బిగించకండి, పీఠం అడుగునుంచి కొట్టండి. స్క్రూ మొన కూడా బిట్ దిగే లోతుకి రాకూడదు. తిరిగే బిట్‌కి ఇనుప స్క్రూ తగిలితే బిట్ అంచునుండే కార్బైడ్ ముక్క ఎగిరి ఎక్కడ తగులుతుందో చెప్పలేం.

బిట్ విషయానికొస్తే, ఆన్‌లైన్‌లో 50 మిల్లీమీటర్ల సర్ఫేసింగ్ బిట్లు చూసి ముచ్చటపడతారు. అవి అర అంగుళం కాడ పట్టే పెద్ద రౌటర్లకి, అదీ వేగం తగ్గించి నడిపేవాటికి. ట్రిమ్ రౌటర్లలో చాలావాటికి వేగం మార్చే ఏర్పాటే ఉండదు, నిమిషానికి 30,000 చుట్ల దగ్గర తిరుగుతూ ఉంటాయి. లెక్క వేయండి: 50 మిల్లీమీటర్ల బిట్ ఆ వేగంలో తిరిగితే దాని అంచు గంటకి దాదాపు 280 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సన్న కాడ మీద అంత చక్రం ఉండకూడదు. అడుగు కూడా కోసే 16 నుంచి 20 మిల్లీమీటర్ల స్ట్రెయిట్ బిట్ తీసుకోండి, కార్బైడ్‌దే. మీ రౌటర్‌కి వేగం తగ్గించే చక్రం ఉంటే 25 దాకా వెళ్లొచ్చు. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, మామూలు స్టీలు అంచు చూస్తూ ఉండగానే మొండిపోతుంది. మొండి బిట్ ఎండ్ గ్రెయిన్‌ను కోయదు, కాలుస్తుంది. నల్ల మచ్చలు, కాలిన వాసన వస్తే బిట్ మార్చాలని అర్థం. బిట్ బిగించేటప్పుడు ప్లగ్ తీసేయాలి, స్విచ్ ఆపితే సరిపోదు. కాడను లోపలికంటా దూర్చి, ఒక రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగి బిగించండి. అడుగుకి ఆనించి బిగిస్తే పట్టు సరిగా కుదరదు.

రౌటర్ నడిపే దిక్కు ముఖ్యం. పైనుంచి చూస్తే బిట్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అందుకని రౌటర్‌ను మీ నుంచి ముందుకు నెడుతున్నప్పుడు ఇంకా కోయని చెక్క మీ ఎడమ చేతి వైపు ఉండాలి. అప్పుడు బిట్ మీ తోపుకి ఎదురు తంతుంది, అదుపు మీ చేతిలో ఉంటుంది. అటుపక్క నుంచి మొదలెడితే బిట్ తనంతట తానే ముందుకి లాక్కుపోతుంది. అంటే కుడి అంచు దగ్గర మొదలుపెట్టి ఎడమకి జరుగుతూ రావాలి. వెనక్కి లాగేటప్పుడు కోయకండి, ఖాళీగా వెనక్కి తెచ్చుకుని మళ్లీ నెట్టండి. ఒక్కో వరసా ముందు వరస మీద మూడో వంతు ఎక్కాలి. లోతు అర మిల్లీమీటరు, బాగా నడుస్తుంటే ఒకటి, అంతకు మించొద్దు. లోతు మార్చే ప్రతిసారీ బిట్ పూర్తిగా ఆగేదాకా ఉండండి. ఆపిన తర్వాత కూడా అది కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండాలి. ట్రిమ్ రౌటర్లకి సాధారణంగా ఆన్‌లో వదిలితే ఆన్‌లోనే ఉండిపోయే స్విచ్ ఉంటుంది. పని మధ్యలో కరెంటు పోతే మనం చెమట తుడుచుకుంటూ పక్కకి వెళ్తాం. కరెంటు రాగానే మనిషి పట్టుకోకుండానే అది తిరగడం మొదలెడుతుంది. ఫ్యాన్ ఆగిందంటే ముందు చెయ్యి స్విచ్ మీదికి పోవాలి. బాల్కనీలో ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పనిచేస్తుంటే ఆ లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉందో లేదో చూసుకోండి. వాన జల్లు కొడుతున్నప్పుడు అయితే పనే ఆపండి.

లుంగీ, మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా ఏవీ వద్దు. గ్లవ్స్ కూడా వద్దు, తిరిగే బిట్ దగ్గర అవి కాపాడవు, లోపలికి లాగుతాయి. సింహాచలం వెళ్లినప్పుడు మణికట్టుకి కట్టించుకున్న దారం కొసలు వేలాడుతుంటే స్వామికి దణ్ణం పెట్టుకుని లోపలికి దోపండి. కళ్లకి గాగుల్స్, చెవులకి మఫ్స్ తప్పనిసరి. ముక్కుకి ఎన్95 మాస్కు, గుడ్డ మాస్కు కాదు. చెక్క దుమ్మును అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో కేన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో పెట్టింది. రోజ్‌వుడ్, టేకు దుమ్ము చాలామందికి చర్మం మీద దద్దుర్లు, తుమ్ములు తెప్పిస్తుంది. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక అది మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడితే దుమ్ము మొహానికి కొట్టదు. కానీ కింది ఫ్లాట్ వాళ్లు బట్టలు ఆరేసి ఉంటే మాత్రం గొడవ ఖాయం, వాక్యూమ్ తగిలించుకోండి.

ఒక వైపు మట్టం అయ్యాక తిప్పండి. ఈసారి కింద కాగితం మడతలు అక్కర్లేదు, మట్టమైన ముఖమే పీఠానికి ఆనుతుంది కాబట్టి రెండో ముఖం దానికి సమాంతరంగా వస్తుంది. 40 మిల్లీమీటర్ల బోర్డు చివరికి 36 దగ్గర తేలుతుంది, అది చాలు.

ఇక్కడిదాకా వచ్చాక అసలు ఓపిక పరీక్ష మొదలవుతుంది. బిట్ వదిలిన వరస గీతలు దువ్వెన గీసినట్టు ఉంటాయి. ఆర్బిటల్ శాండర్‌కి 60 నంబరు ఉప్పుకాగితం పెట్టి మొదలెట్టండి. తొందరగా నునుపు రావాలని 120తో మొదలుపెడితే గీతల శిఖరాలు మెరుస్తాయే తప్ప గీతలు పోవు. ఎండ్ గ్రెయిన్ మామూలు పలక కంటే చాలా నెమ్మదిగా అరుగుతుంది, మీ శాండర్ పాడైందేమో అని అనుమానం వచ్చేంత నెమ్మదిగా. బోర్డు మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, అవన్నీ చెరిగేదాకా 60తోనే ఉండండి. తర్వాత 80, 120, 180, 220. గది లైటు ఆపి, ఫోన్ టార్చి బోర్డుకి దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి. పైనుంచి కంటికి కనబడని గీత అక్కడ నీడ పడి దొరికిపోతుంది. 120 అయ్యాక తడిగుడ్డతో ఒకసారి తుడవండి. 60 నంబరు వదిలిన సుడిగీతలు తడి తగలగానే బయటపడతాయి. ఇప్పుడు పడకపోతే నూనె పట్టించాక పడతాయి, అప్పుడు వెనక్కి రావడం నరకం. శాండర్‌ను ఒక్కచోట ఆపి నొక్కకండి, వేడికి జిగురు గీతలు మెత్తబడతాయి.

అరగదీసే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. తలుపులు, మాడ్యులర్ కిచెన్లు చేసే పెద్ద షెడ్లలో వైడ్ బెల్ట్ శాండర్ ఉంటుంది. గాజువాక ఆటోనగర్ వైపు వాకబు చేయండి. అది బ్లేడుతో కోయదు, ఉప్పుకాగితంతోనే అరగదీస్తుంది కాబట్టి ఎండ్ గ్రెయిన్‌కి ప్లానర్‌లా ప్రమాదం లేదు. ఒక్కోసారికి పదో వంతు, రెండు పదో వంతుల మిల్లీమీటరు మించి తీయొద్దని మాత్రం పక్కనే నిలబడి చెప్పండి.

ప్లానర్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, దానికి ఈ పనిలోనే సరైన చోటు ఉంది. తర్వాతి బోర్డు చేసేటప్పుడు మొదటి అతుకు అయ్యాక, అంటే పొడుగు బద్దలన్నీ పక్కపక్కన అతికించిన పలక దశలో, పోగులు ఇంకా పడుకునే ఉంటాయి. అప్పుడు ఆ మధురవాడ షెడ్డుకి నిశ్చింతగా తీసుకెళ్లి రెండు వైపులా ప్లానర్ పట్టించండి. ఆ తర్వాతే అడ్డంగా కోసి, ముక్కల్ని నిలబెట్టి రెండో అతుకు వేయాలి. అడ్డంగా కోసే ఆ ముక్క వెడల్పే చివరికి బోర్డు మందం అవుతుంది. రంపానికి స్టాప్ బ్లాక్ (ప్రతి ముక్కా ఒకే చోట ఆగేలా ఆనించే దిమ్మ) పెట్టి అన్నీ ఒకే కొలతకి కోస్తే సగం ఎగుడుదిగుడు అక్కడే పోతుంది. మిగిలిన సగం క్లాంప్ బిగించేటప్పుడు జిగురు మీద ముక్కలు జారడం వల్ల వస్తుంది. పైనా కిందా ప్యాకింగ్ టేపు చుట్టిన తిన్నటి బద్దలు వేసి ముందు వాటిని బిగించి, తర్వాత పక్కల క్లాంపులు బిగించండి. అలా చేస్తే రౌటర్ బండి అవసరమే రాకుండా శాండర్‌తో సరిపోవచ్చు. టేకులో నూనె గుణం ఉంది కాబట్టి అతికించే ముందు ఆ ముఖాల్ని అసిటోన్‌తో తుడవడం మరవకండి.

మాంసం కొట్టడానికి కూడా వాడతానని రాశారు. దానికి టేకు కాదు, చింత వాడాలి. మన మాంసం కొట్లలో ఉండే చింతమొద్దు కూడా ఎండ్ గ్రెయినే, చెట్టు మానును అడ్డంగా కోసి నిలబెట్టిందే. మీ బోర్డు కూరగాయలకి, చేపలకి సరిపోతుంది, ఎముకలకి కాదు. ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర చవకగా దొరుకుతుందని అందులో కలపాలనుకుంటే అదీ వద్దు, బోర్డుకి అది మరీ మెత్తన.

మీరు అడగలేదు గానీ, చాలామంది చేసే పని కాబట్టి చెప్తున్నాను: అందంగా ఉంటుందని చుట్టూ చెక్క ఫ్రేము బిగించకండి. ఎండ్ గ్రెయిన్ బోర్డు మందంలో మారదు గానీ పొడుగులో, వెడల్పులో మారుతుంది. 75 శాతం తేమ ఉన్న మన వానాకాలపు గాలిలో చెక్కలో తేమ 14 శాతం దగ్గర నిలుస్తుంది, ఏసీ గదిలో 9 దాకా దిగుతుంది. ఆ తేడాకి 300 మిల్లీమీటర్ల వెడల్పు రెండు మిల్లీమీటర్ల చుట్టుపక్కల పెరుగుతుంది, తగ్గుతుంది. ఫ్రేము దాన్ని ఆపలేదు, ఏదో ఒకటి పగులుతుంది.

నూనెకి మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఐపీ చాలు, పీల్చుకోవడం ఆగేదాకా పట్టించండి. వేరుశనగ, నువ్వుల నూనెలు పోయకండి, కొన్నాళ్లకి కంపు కొడతాయి. కడిగాక గ్రానైట్ గట్టు మీద తడితో బోర్లా పడేయకుండా నిలబెట్టి ఆరనివ్వండి, లేకపోతే ఒక్క వైపే తడి పీల్చి మీరు ఇంత కష్టపడి చేసిన మట్టం మళ్లీ వంగుతుంది. అడుగున రబ్బరు కాళ్లు బిగిస్తే గాలి ఆడుతుంది, జారదు కూడా. వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే కొనండి. మన ఊరి ఉప్పుగాలికి మామూలు స్క్రూలు తుప్పు పట్టి, టేకు చుట్టూ నల్లటి మరకలు దిగుతాయి.